పాత రబ్బరు పడవను బాగుచేయుట



వ్యాకరణమును కావ్యములును పాఠము చెప్పుకొని బ్రతికిన పంతులు పడవలను గూర్చి ప్రసంగించుట యేమని మీకు నవ్వు రావచ్చును. మా గుండ్లపోచంపల్లి నుండి సముద్రమును చూడవలెనన్న రాత్రియంతయు రైలులో కూర్చుండవలెను. మా దాపున గోదావరి లేదు, కృష్ణయు లేదు. ఉన్నవెల్ల చెరువులు. వానాకాలమున మత్తడి దుముకును, వేసవిలో ఆ చెరువు కడుపుననే గొఱ్ఱెలు మేయును. ఇట్టి యూరికి పడవ యెందులకని నేనును అడిగినవాడనే.

2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీ రాత్రి దానికి సమాధానము దొరకినది. ఆ వానకు హైదరాబాదు చుట్టునున్న చెరువు లెన్నియో నిండి పొరలెను. మాకు కొలది మైళ్ళ దూరమున ఫాక్స్‌సాగరని పిలువబడు జీడిమెట్ల చెరువు పొంగి, కొంపల్లి దాపున నున్న ఉమామహేశ్వర కాలనీ వీధులను ముంచెను. జనులు మేడలమీది కెక్కి కూర్చుండిరి. ఆ నీటిలో చిక్కుకొన్నవారిలో మా పెదతల్లి కూతురు, నాకు అక్క వరుసగునామె, ఒకతె యుండెను. ఆమెకు మధుమేహము. ఇన్సులిను మందు క్రింది గదిలో నుండి నీటిపాలయ్యెను. పడవ వచ్చి దింపుకొని పోవువరకు ఒక పగలును ఒక రాత్రియు ఆమె మేడమీద నీరసించి పడియుండెను. ఆ పడవలవారు చేసిన సేవకు వంక పెట్టరాదు. వారు వందల యిండ్లకు పోవలసియుండెను, పడవలు కొన్నియే. నేను మా యూరిలో టెలిఫోను చేతబట్టుకొని కూర్చుంటిని. నడచినను రెండు గంటలలో చేరగల దూరము, కాని చివరి రెండు వందల గజములు నీరు!

1908వ సంవత్సరము సెప్టెంబరు 28న మూసీ వచ్చినప్పుడు అఫ్జల్‌గంజి దగ్గరి చింతచెట్టు నూట యేబదిమందిని తన కొమ్మలమీద నిలుపుకొని కాపాడినదని మా తాతలు చెప్పెడివారు. చెట్టు దొరకినవారు అదృష్టవంతులు. మా యక్క బ్రతికినది గాని, ఆమె కుమారుడు నాతో అన్న మాట యిది: “మామయ్యా, మీ యూళ్ళో ఒక్క పడవైన లేదా?”

మరుసటి యేడు మా మనుమడును అతని స్నేహితులును చందాలు వేసికొని, కోస్తాలో ఒక వర్తకుని యొద్ద పాత పడవ నొకదానిని కొనితెచ్చిరి. మన బెస్తలు ఎరిగిన పుట్టి కాదిది. పుట్టి వెదురుబద్దల గంప, పైన తోలో తారుపూసిన గుడ్డయో కప్పుదురు. గుండ్రముగా నుండుటచే వరదలో గిరగిర తిరుగును. ఈ పడవకు అడుగు గట్టిది, నాగలి కఱ్ఱు వలె నీటిని చీల్చునట్టిది. దాని చుట్టును లారీ ట్యూబంత లావున గాలితిత్తులు. నిండ నీరెక్కినను తిత్తులలోని గాలి దానిని మునుగనీయదు.

ఇట్టి పడవ పుట్టిన కథ నాకు మిక్కిలి నచ్చినది. 1960లలో వేల్సు సముద్రతీరమున అట్లాంటిక్ కాలేజీ యను విద్యాలయము కలదు. దానికి ప్రధానోపాధ్యాయుడు డెస్మండ్ హోర్ అను పూర్వ నౌకాదళాధికారి. అచ్చటి విద్యార్థులు సముద్రములో ఆపదపాలైనవారిని కాపాడుటకు రబ్బరు పడవలను నడపెడివారు. తీరమంతయు గులకరాళ్ళగుటచే వాని గుడ్డ అడుగులు అరిగి చినిగిపోవుచుండెను. గురుశిష్యులు కలసి గుడ్డకు మారుగా ప్లైవుడ్డు అడుగును అమర్చి చూచిరి. చూడగా పడవ చిరుగకపోవుటయే గాక అలలమీద వేగముగను నిలుకడగను పోయెను. బ్రిటిషు ప్రాణరక్షక పడవల సంస్థ 1972లో ఈ జాతి పడవను సేవకు తీసికొన్నది. హోరుగారు తన హక్కును ఆ సంస్థకు ఒక్క పౌనుకే యిచ్చిరి. కనిపెట్టినవాడు బడిపంతులని విన్నప్పటినుండి నాకు ఆ పడవయందు కొంత చుట్టరికము కలిగినది.

ఇక మా పడవ స్థితి వినుడు. “గాలి చుక్కయైన పోదు” అని వర్తకుడు చెప్పెనట. తెచ్చి గాలి కొట్టి, సాయంకాలము గట్టిగా నున్నదని సంతోషించి పండుకొంటిమి. తెల్లవారుసరికి ముడుతలు పడి యుండెను. మధ్యాహ్నము మరల బిగిసెను! మా పనివాడు దయ్యమనెను. దయ్యము కాదు, ఎండ. గాలి వేడెక్కినచో వ్యాకోచించును, చల్లబడినచో ముడుచుకొనును. తెల్లవారుజామున 20 డిగ్రీలలో 3 పౌన్ల ఒత్తిడి చూపిన తిత్తి, మధ్యాహ్నము 40 డిగ్రీలలో 4 పౌన్లు దాటును. అందుచేత ఓటి ఉన్నదో లేదో తేల్చుకొనవలెనన్న నీడలో నుంచి, ఒకే వేళ నాడును మరునాడును కొలువవలయును. ఎండలో నుంచునప్పుడు కొంత గాలి వదలవలయును, లేనియెడల అతుకులు పిగిలిపోవును.

ఆ విధముగా కొలచి, మూడు గదులలో ఒకటి నిజముగనే ఓటిదని గ్రహించితిమి. తిత్తి లోపల అడ్డుగోడలతో గదులుగా నుండును. ఒక గది చినిగినను తక్కిన వానితో ఒడ్డు చేరుటకే ఆ యేర్పాటు. గాలి నింపునప్పుడు ఒక్కొక్క గదిని పూర్తిగా నింపక, అన్నిటిని సగము నింపి పిమ్మట నిండింపవలెను, లేనిచో అడ్డుగోడలమీద ఒకవైపే బలము పడి అవి చినుగును. ఓటిని వెదకుటకు బజారు సబ్బుకంటె మా యింటి కుంకుడుకాయల రసమే మేలైనది. నురుగు పూసి ఓపికగా చూచిన, సూదిమొన యంత రంధ్రము నొద్దను బుడగ లేచును. గాలిమూతి చుట్టును తప్పక పూయుడు. మాకు పెద్ద ఓటి అచ్చటనే దొరకినది.

అతుకు వేయుటకు ముందు తిత్తి యే గుడ్డయో తెలిసికొనవలెను. ఇవి రెండు జాతులు: హైపలాన్ రబ్బరు, పీవీసీ. మరుగుననున్న మూలను ఉప్పుకాగితముతో రుద్దిన హైపలాన్ గరుకెక్కి పొడి రాలును. ఎం.ఈ.కే. అను ద్రావకముతో తడిపిన గుడ్డతో తుడిచిన పీవీసీ జిగటయగును. ఒకదాని జిగురు మరొకదానికి పనికిరాదు: హైపలానుకు నియోప్రీన్ జిగురు, పీవీసీకి పాలియురిథేన్ జిగురు. సైకిలు పంక్చరు జిగురు రెంటికిని చాలదు. మాది హైపలాన్.

ఇచ్చట నా తప్పు నొప్పుకొనవలసియున్నది. జిగురు డబ్బామీద గాలిలో తేమ నూటికి అరువది పాళ్ళకు మించరాదని వ్రాసియుండెను. కుఱ్ఱవారు అది చదివి ఆగుదమన్నారు. మరల వరద వచ్చులోపల పడవ సిద్ధము కావలెనను ఆత్రముతో, ముసురు పట్టిన భాద్రపదములోనే అతుకు వేయించితిని. అతుకు చూచుటకు చక్కగా అంటుకొనెను. పదిదినముల తరువాత చెరువు నడుమ అది అరటితొక్క వలె ఊడివచ్చెను. పడవలో ముగ్గురు పిల్లలు. ఒకనికి ఈత రాదు. వాని లైఫ్ జాకెట్టు ఒడ్డున నా కుర్చీమీదనే యుండెను, ఉక్కగా నున్నదని వాడు విప్పియిచ్చెను, నేను పుచ్చుకొంటిని. తక్కిన రెండు గదులు నిలిచినందున తెడ్లు వేసికొని ఒడ్డు చేరిరి. ఆ పది నిమిషములలో నాకు జ్ఞాపకము వచ్చినది 2019వ సంవత్సరము సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన విహారపడవ. అందులోను జాకెట్టు లేకయే కూర్చున్నవారు పలువురు. అప్పుడు వార్త చదివి సరంగులను తిట్టినవాడను నేనే.

తేమకును జిగురుకును వైరమేమనగా, జిగురులోని ద్రావకము ఆవిరి యగునపుడు ఆ తలము చల్లబడును. చల్లని ముంతమీద చెమట పట్టినట్లు తడిగాలి దానిమీద కంటికి కనబడని నీటిపొరగా దిగును. ఆ పొరమీద అతుకు నిలువదు. మన ప్రాంతమున మాఘ ఫాల్గుణములు ఈ పనికి తగిన మాసములు. ఆ కాలము వచ్చువరకు కాచి, పాత జిగురు గీకి, ఉప్పుకాగితముతో గరుకుచేసి, టోలీన్‌తో తుడిచితిమి. అతుకు మూలలు గుండ్రముగా కత్తిరించి, చినుగునకు అన్ని దిక్కుల రెండంగుళములు మించునట్లు వేసితిమి. జిగురును గట్టిపరచు ద్రవముతో కలిపి, పలుచని పూత పూసి ఆరనిచ్చి, రెండవ పూత పూసి, వ్రేలి కణుపునకు కొంచెమే అంటునప్పుడు అతుకు వేసి, మా ఇంటిది అప్పడముల కఱ్ఱ యియ్యగా నడుమనుండి అంచులకు ఒత్తితిమి. ఆ కఱ్ఱ మరల వంటయింటికి పోలేదు. మూడు దినములు గాలి కొట్టలేదు. ఆ జిగురు ఆవిరులు ఊపిరితిత్తులకు చెఱుపు గావున పని యంతయు వాకిట చేయవలెను, గదిలో కాదు.

తరువాత వెనుక పలక. ఇంజను వ్రేలాడునది దానిమీదనే. పైకి నున్నగా నుండెను. మా వడ్రంగి సుత్తితో తట్టుచు రాగా ఒకచోట కణకణమనక బొదబొదమని పలికెను. పాత మేకురంధ్రములలోనుండి నీరు దిగి లోపలి చెక్క పుచ్చిపోయెను. అమ్మినవాడు దానిమీద చక్కగా రంగు వేసెను. పాత పడవ కొనువారు రంగును చూడక సుత్తిని వినవలెను. ఆ పలకను తీసివేసి ఐ.ఎస్. 710 ముద్ర గల మెరైన్ ప్లైవుడ్డును ఎపాక్సీతో అంటించి, ప్రతి రంధ్రమును లోపల ఎపాక్సీతో పూసి మరల తొలిచితిమి. వడ్రంగికి ఇచ్చిన కూలి మొత్తము పనిలో నేను సంతోషముతో ఇచ్చిన సొమ్ము.

ఇంజనుకు పలక యెత్తు ముఖ్యము. పొట్టికాలు ఇంజనుకు పదునైదు అంగుళములు, పొడుగుకాలు దానికి ఇరువది. పంకపు రెక్కలపైన అడ్డముగా నుండు రేకు పడవ అడుగుతో సమముగనో కొంచెము దిగువగనో ఉండవలెను. పైకుండిన పంక గాలిని మింగి ఊరక తిరుగును. ఇంజనును నీరు లేక త్రిప్పరాదు. దానిలోపల నీటిని తోడు రబ్బరు రెక్క కలదు, అది నిమిషములో మాడిపోవును. మేము నీళ్ళ డ్రమ్ములో కాలు ముంచి త్రిప్పి, ప్రక్కనుండి నీటిధార సన్నగా వచ్చుచున్నదా యని చూచితిమి. బాటరీ తీగకు ఫ్యూజును బాటరీ దగ్గరనే, జానెడులోపల పెట్టించితిమి. నడపువాని మణికట్టునకు కట్టు ఎఱ్ఱని త్రాడొకటి యుండును. వాడు నీట పడిన ఆ త్రాడు ఊడి ఇంజను ఆగును. అది కట్టనివానిని పడవ యెక్కనీయను.

అయితే ఊరి వరదలో ఇంజనుకన్న తెడ్డే నమ్మదగినది. వీథులలో నీటిక్రింద కంచెతీగలు, చీరలు, మోటారు సైకిళ్ళు ఉండును, పంకకు చుట్టుకొనును. విద్యుత్తు నిలిపివేసిరని నిశ్చయముగా తెలియనిది పడవ దింపరాదు. ఇంజను గల పడవకు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము ప్రకారము పరీక్షయు నమోదును కావలెను. చెరువులో దింపుటకు నీటిపారుదల శాఖవారి సమ్మతి కావలెను. మా యూరి పెద్దలు కొందరు “పంతులు ముసలితనమున పిల్లలతో పడవలాట లాడుచున్నాడు” అనిరి. వారిలో ఒకరి మనుమరాలు ఇప్పుడు తెడ్డు వేయువారిలో అందరికంటె నేర్పరి. 2024వ సంవత్సరము సెప్టెంబరు 1న ఖమ్మములో మున్నేటి వంతెనమీద చిక్కినవారిని జేసీబీ నడుపువాడొకడు సాహసించి ఒడ్డు చేర్చెనన్న వార్త విన్ననాడు, ఆ పెద్దలే వచ్చి మా పడవ యెక్కడ నున్నదని అడిగిపోయిరి.

అది మా పశువుల కొట్టములో దూలమునకు వ్రేలాడుచున్నది. మొదట నేలమీద మడిచి పెట్టగా ఎలుకలు రెండుచోట్ల కొరికెను. అది ఫాల్గుణములో బాగుచేసిన అతుకు ప్రక్కనే! ఇప్పుడు సగము గాలితో, ముతక దుప్పటి కప్పి, ఎండ సోకని తావున మోకులతో పైకెత్తి కట్టితిమి. ప్రతి అమావాస్యనాడు పిల్లలు దించి, గాలి నింపి, ఉదయము ఆరుగంటలకు ఒత్తిడి కొలిచి పలకమీద వ్రాసి, మరునాడు అదే వేళకు మరల కొలుచుదురు. లైఫ్ జాకెట్లు ఎనిమిదియు అదే దూలమునకు వరుసగా వ్రేలాడును. వానిని లెక్కించు పని నాది.