నక్షత్రమునకు ముందు రక్తపరీక్ష



నేడు మేము చెప్పదలచినది పురాణకథ కాదు. మా వలన జరిగిన పొరపాటు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక తల్లి నాలుగేండ్ల కుమారుని చంకనెత్తుకొని మా ఇంటికి వచ్చినది. వాడు డౌన్ సిండ్రోముతో పుట్టినవాడు. పుట్టుకతోనే గుండెలో రంధ్రముండగా శస్త్రచికిత్స జరిగినది. ఇప్పుడు పక్షము దినములుగా జ్వరము, పాలిపోయిన ముఖము, కాళ్లపై నీలిమచ్చలు. "పాత గుండెజబ్బే తిరగబెట్టింది సామీ, శాంతి చేయించండి" అన్నది. మేము పంచాంగము చూచి పదకొండవ దినమునకు ముహూర్తము పెట్టితిమి. శాంతి అయిన పిదపనే ఆసుపత్రికి పోదమని ఆమె ఆగినది. రక్తపరీక్షలో తేలినది లుకేమియా, అనగా రక్తక్యాన్సరు.

వైద్యులు తరువాత మాకు విశదపరచినారు. మన కణములలో రెండేసి ఉండవలసిన 21వ క్రోమోజోము ఈ బిడ్డలకు మూడుండును. వీరిలో సుమారు సగము మందికి గుండెలోపముండును. రక్తక్యాన్సరు తక్కిన పిల్లలకంటె 10 నుండి 20 రెట్లు ఎక్కువగా వచ్చును. అయినను వందమందిలో ఇద్దరు ముగ్గురికే గనుక బెదరనక్కరలేదు. చిక్కెక్కడనగా, ఈ క్యాన్సరునకు వాడు డౌనోరూబిసిన్ వంటి మందులు గుండె కండరమునే బలహీనపరచును. కావున ముందుగా ఎకో తీసి, గుండె ఓర్చుకొనునంతయే ఇయ్యవలెను. శస్త్రచికిత్స కాగితములు లేక పోయినచో ఆ వైద్యుడు చీకటిలో తడుముకొనవలసినదే.

చెన్నేకొత్తపల్లి వారికి గుండె విషయమున కొంత అదృష్టమున్నది. పుట్టపర్తిలో 1991 నవంబరు 22న ప్రారంభమైన సత్యసాయి ఆసుపత్రిలో శస్త్రచికిత్స ఉచితము. రక్తక్యాన్సరునకు బెంగుళూరు కిద్వాయి వంటి చోటికి పోవలెను. ఈ రెంటిని కలుపవలసినది కూలికి పోవు తల్లి! 2007లో ఆరోగ్యశ్రీ మొట్టమొదట ఆరంభమైన మూడు జిల్లాలలో మన అనంతపురమొకటి. అయినను రెండేండ్లకు మించి సాగగల చికిత్సలో పోయిన కూలి, బస్సు ఛార్జీలు, రక్తదాతల వెదకులాట మిగిలియే ఉండును.

"పూర్వకర్మ అనుభవింపవలసినదే గదా" అని కొందరందురు. ఋగ్వేదమున అశ్వినీదేవతలు కాలు తెగిన విశ్పలకు లోహపు కాలు అమర్చిరే గాని, కర్మమని విడిచిపోలేదు. చరకుడు చికిత్సకు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదములు చెప్పినాడు. ఆ పరిచారకుని పాదము ఊరివారమైన మనదే: రక్తమిచ్చుట, తోడుపోవుట, తల్లి ఊర లేనప్పుడు ఇంటనున్న రెండవ బిడ్డకు అన్నము పెట్టుట. జపము, శాంతి వలదని మేమనము. అవి చికిత్సతోపాటు జరుగవచ్చును.

ఆ పిల్లవాడు దక్కినాడు. అయినను ఆ పదకొండు దినములు మమ్ము వదలలేదు. ఇప్పుడు శాంతికని వచ్చినవారిని నక్షత్రమడుగుటకు ముందే "రక్తము చూపించితిరా?" అని అడుగుచున్నాము. కొందరు నొచ్చుకొని వేరొక పురోహితుని వెదకికొన్నారు.