వాతావరణ మార్పు: మాటలూ, నిధులూ



పంచాయతీ ఆఫీసు గోడ మీదో, బ్యాంకు నోటీసు బోర్డు మీదో ఒక మాట మీ కంటబడుతూ ఉండవచ్చు. కోలారు, బళ్లారి వైపు వారికి అది 'హవామాన బదలావణె'. హోసూరు, కృష్ణగిరి వారికి 'కాలనిలై మాట్రం'. బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో 'జళబాయు పరిబర్తన'. సిరొంచ వైపు 'హవామాన బదల్'. యానాం వారికి మాత్రం మన మాటే, 'వాతావరణ మార్పు'. పేర్లు అయిదు, సంగతి ఒక్కటే. ఈ మాటతోపాటు మరికొన్ని మాటలు, వాటి వెనకాల కొంత డబ్బు కూడా మన ఊళ్ల దాకా వస్తున్నాయి. మాట అర్థం కాకపోతే డబ్బు సంగతి అసలే అర్థం కాదు. అందుకే ముందు మాటల సంగతి చూద్దాం.

తెలుగులో మనకొక చిక్కు ఉంది. ఇవాళ మబ్బు పట్టిందన్నా 'వాతావరణం' అంటాం, ముప్ఫయ్యేళ్ల వానల తీరు మారిందన్నా 'వాతావరణం' అనే అంటాం. మొదటిది ఆ పూటకు సంబంధించింది. రెండోదాన్ని చిన్నప్పుడు భూగోళం పుస్తకంలో 'శీతోష్ణస్థితి' అని చదువుకొన్నాం. మారుతున్నది ఆ రెండోది. ఒక ఏడు వాన తప్పినంత మాత్రాన శీతోష్ణస్థితి మారిందని చెప్పలేం. కార్తెల లెక్క వరసగా ఏళ్ల తరబడి తప్పుతూ ఉంటే అప్పుడు ఆలోచించాలి.

'హరితగృహ వాయువులు' అనే మాట మరొకటి. పేరులో హరితం ఉంది కదా, పచ్చదనానికి మంచిదేమో అనుకోకండి. చలి దేశాల్లో మొక్కలు పెంచడానికి కట్టే అద్దాల గది పేరది. ఎండను లోపలికి రానిచ్చి, వేడిని బయటికి పోనివ్వదు. బొగ్గు, పెట్రోలు మండించినప్పుడు వచ్చే కార్బన్ డై ఆక్సైడు గాలిలో చేరి అదే పని చేస్తుంది. యంత్రయుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉన్న ఈ వాయువు ఇప్పుడు 420 పాళ్లు దాటింది. 2024వ సంవత్సరం, కొలతలు మొదలైనప్పటి నుంచి అన్నిటికన్నా వేడి సంవత్సరంగా నమోదయింది.

ఇక డబ్బుతో ముడిపడిన మాటలు ముఖ్యంగా మూడు.

ఒకటి, 'తగ్గింపు'. పొగను పుట్టిన చోటే తగ్గించడం. దీనికి మనకు దగ్గరి ఉదాహరణ పావగడ. తుమకూరు జిల్లాలోని ఆ తాలూకాలో తెలుగు మాట్లాడేవారు ఎంతమందో మీకు చెప్పనక్కర లేదు. వానలు లేక, బోర్లు ఎండిపోయి, వలసలు పోయిన ఊళ్లు. అక్కడ సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం వచ్చింది. భూములు కొనలేదు, ఎకరానికి ఏడాదికి 21 వేల రూపాయల చొప్పున కౌలుకు తీసుకొన్నారు. రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపు. బీడు భూమికి అది మంచి ధరే. అయితే ఆ భూముల్లో కూలికి పోయేవారికి కౌలు రాదు కదా! గొర్రెలు మేపుకొనేవారికీ రాదు. తగ్గింపు పేరిట వచ్చే ఏ పథకంలోనైనా ఈ ప్రశ్న అడగవలసిందే: భూమి లేనివాడి మాటేమిటి?

రెండోది, 'అనుకూలన'. మారిన పరిస్థితికి తగ్గట్టు మనం సర్దుకోవడం. పూడిక తీసిన చెరువు, తుపాను షెల్టరు, ఉప్పునీటిని తట్టుకొనే వరి, సముద్రం ఒడ్డున మడ అడవి, ఇవన్నీ ఈ కోవలోకే వస్తాయి. దీనివల్ల ఎంత మేలో గంజాం వారికి తెలుసు. 1999 అక్టోబరు తుపానులో ఒడిశాలో దాదాపు పదివేల మంది పోయారు. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర ఫైలిన్ తీరం దాటింది. లక్షల మందిని ముందే షెల్టర్లకు తరలించడంతో పోయినవారు పదుల్లోనే ఉన్నారు. ఇందుకు ముఖ్య కారణం ఏర్పాటు మెరుగవడమే.

మూడోది, 'నష్టమూ హానీ'. ఎంత సర్దుకొన్నా తప్పని నష్టం. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు కూలిపోయాయి. సరిహద్దుకు అటు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు. ఆ ఏళ్ల ఆదాయం ఎవరిస్తారు? ఫలానా తుపాను వాతావరణ మార్పువల్లే పుట్టిందని శాస్త్రజ్ఞులు తేలిగ్గా అనరు. సముద్రం వేడెక్కిన కొద్దీ తుపానుల బలం పెరుగుతుందని మాత్రం గట్టిగా చెబుతున్నారు.

ఇప్పుడు డబ్బు సంగతి. 1992లో రియో డి జనీరో సమావేశంలో ప్రపంచ దేశాలు ఒక ఒడంబడికకు వచ్చాయి. బాధ్యత అందరిదీ, అయితే అందరిదీ సమానం కాదు అన్నది అందులోని కీలకమైన మాట. ఇప్పటిదాకా గాలిలోకి వదిలిన కార్బన్ డై ఆక్సైడులో దాదాపు నాలుగో వంతు ఒక్క అమెరికాది. ఇవాళ కూడా అక్కడి మనిషి సగటున ఏడాదికి 14 టన్నుల దాకా వదిలితే, మన దేశపు మనిషి వదిలేది రెండు టన్నుల చిల్లర. అందుకని వర్ధమాన దేశాలకు సంపన్న దేశాలు డబ్బివ్వాలి. దీన్ని దానమనడం సరికాదు, బాకీ అనాలి.

2009లో కోపెన్‌హేగన్‌లో మాటిచ్చారు: 2020 నాటికి ఏడాదికి పదివేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని. మాట నిలబెట్టుకొన్నది 2022లో, రెండేళ్లు ఆలస్యంగా. ఆ ఏడు 11,590 కోట్ల డాలర్లు ఇచ్చామని వారి లెక్క. అసలు చిక్కు ఈ లెక్కలోనే ఉంది. ప్రభుత్వాలు, అభివృద్ధి బ్యాంకుల ద్వారా వచ్చిన డబ్బులో మూడింట రెండు వంతులకు పైగా అప్పు. మళ్లీ కట్టవలసిన సొమ్ము. పై మడి ఆసామి గట్టు తెగ్గొట్టి మన చేను ముంచాడనుకోండి. పంచాయితీ పెడితే, "గట్టు వేసుకో, డబ్బు నేనిస్తాను, వడ్డీతో తీర్చు" అన్నాడట. ఊళ్లో దీన్ని ఎవరైనా సాయం అంటారా? మరొక సంగతి. వచ్చినదాంట్లో అనుకూలనకు పోయింది మూడో వంతుకన్నా తక్కువే. కారణం కష్టమైంది కాదు. సౌర విద్యుత్తు అమ్మితే డబ్బు వస్తుంది, అప్పు తీరుతుంది. చెరువు కట్ట బాగుచేస్తే ఊరు బతుకుతుంది గాని, బ్యాంకుకు వాయిదా రాదు.

2024లో బాకులో జరిగిన సమావేశంలో 2035 నాటికి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లని తేల్చారు. వర్ధమాన దేశాలు అడిగింది దానికి నాలుగు రెట్లకు పైనే. మన దేశ ప్రతినిధి ఆ సభలోనే తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. తరవాత కొద్ది వారాలకే, 2025 జనవరిలో, పారిస్ ఒప్పందం నుంచి తప్పుకొంటున్నట్టు అమెరికా ప్రకటించింది. నష్టమూ హానీ కోసం 2022లో వేరే నిధికి ఒప్పుకొన్నారు. అవసరంతో పోలిస్తే అందులో పడింది చాలా కొద్ది.

ఈ డబ్బు మన దాకా ఎలా వస్తుంది? మనిషి చేతికి నేరుగా రాదు. దక్షిణ కొరియాలో కార్యాలయమున్న హరిత వాతావరణ నిధి వంటివి, గుర్తింపు పొందిన సంస్థల ద్వారానే ఇస్తాయి. మన దేశంలో నాబార్డుకు ఆ గుర్తింపు ఉంది. ఒడిశా గిరిజన ప్రాంతాల్లో చెరువుల ద్వారా భూగర్భ జలాలు పెంచే పథకానికి 2017లో ఇలాగే మంజూరయింది. మొత్తం ఖర్చు 16.6 కోట్ల డాలర్లు. అందులో ఆ నిధి ఇచ్చింది అయిదో వంతు. కృష్ణా జిల్లా తీరంలో మడ మొక్కలూ చేపల పెంపకమూ కలిపి చేసిన చిన్న పథకానికి, ఇంకో నిధి నుంచి ఏడు లక్షల డాలర్ల లోపు వచ్చింది. స్వామినాథన్ పరిశోధనా సంస్థ దాన్ని నడిపింది.

ఇక్కడ సరిహద్దు వారికి ప్రత్యేకించి ఒక సంగతి. 2018లో తీర ప్రాంతాల కోసం మంజూరయిన పెద్ద పథకంలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్ర ఉన్నాయి. యానాం చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశే, పక్కనే కోరింగ మడ అడవి. కాని యానాం పుదుచ్చేరిలోది, పుదుచ్చేరి ఆ జాబితాలో లేదు. 1996 నవంబరు తుపాను కోనసీమను ఎలా కొట్టిందో యానాంనూ అలాగే కొట్టింది. అది ఏ రాష్ట్రపు పొలిమేరా చూడలేదు. పథకాలు మాత్రం రాష్ట్రాల లెక్కనే తయారవుతాయి.

ఇంకో అడ్డంకి రుజువు. కరవు మీకు పాతదే కదా, ఇందులో వాతావరణ మార్పు వాటా ఎంత అని నిధివారు అడుగుతారు. కోలారు రైతుకు అది తెలుసు, కాగితం మీద చూపించడమే కష్టం. వర్షమాపకం ఉండే చోటు ఒకటి, వాన తప్పే చేను ఇంకొకటి. ఊరి బడిలో ఒక వర్షమాపకం పెట్టించి, రోజువారీ లెక్క పిల్లల చేత పుస్తకంలో రాయిస్తే ఖర్చు పెద్దగా ఉండదు. పదేళ్లకు అది మీ ఊరి సాక్ష్యం.

మీ గ్రామసభలో ఈ పేరుతో ఏ పథకమైనా చదివి వినిపిస్తే, అది ఏ భాషలో ఉన్నా సరే, మూడు ప్రశ్నలు అడగండి. ఇది తగ్గింపా, అనుకూలనా? గ్రాంటా, అప్పా? అప్పయితే తీర్చేది రాష్ట్రమా, సంఘమా, మేమా? జవాబును సభ తీర్మానాల పుస్తకంలో రాయించండి.