నొప్పి వచ్చేదాకా ఆగొద్దు

 

బడి వదలగానే ఖిలాలో రాతికోట ఎక్కి ఆడినవాళ్లం మనం. గోడ సందులో రావిమొక్క మొలిస్తే అప్పుడే పీకేయాలి. వేరు దిగితే రాళ్లే కదులుతాయి. ఇంజనీరుగా పదిమందికీ ఇదే చెప్పిన నేను నా నోటి సంగతి మరిచాను. దవడపన్ను మీద నల్లమచ్చ చూసీ, నొప్పి లేదు కదా అని రెండేళ్లు ఊరుకున్నాను. పిప్పి నరం దాకా పోయింది. చివరికి పన్ను పీకించుకున్నాను.

పంటిపురుగు అనేది లేదు. నోట్లోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మార్చి పన్నును కరిగిస్తాయి. పొద్దునే కాదు, రాత్రి పడుకునే ముందు కూడా ఫ్లోరైడ్ పేస్టుతో రెండు నిమిషాలు తోముకోండి. మన ఈడులో షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది. అది షుగర్‌నూ అదుపు తప్పిస్తుంది. చిగుళ్ల నుంచి రక్తం వస్తే వెంటనే చూపించుకోండి. గుట్కా, తంబాకు మానండి.

మళ్లీ కలిసిననాడు అందరం సకినాలు కరకరా నమలాలి. సెలవు.