వస్తీ చదవడం అయిపోయింది, మన పల్లె రాయడం మొదలుపెడదాం
(పల్లె సభలో చేసిన ప్రసంగం)



మూడు నెలల్నుంచి ఈ వేపచెట్టు కింద రాత్రిపూట ఒక పుస్తకం చదువుకుంటున్నాం. ఇంగ్లీషు వచ్చిన మన కుర్రాళ్లు పేజీ పేజీ చదివి తెలుగులో చెప్పారు. కూలికెళ్లొచ్చి, కునికిపాట్లు పడుతూ కూడా విన్నాం. నిన్న రాత్రి అయిపోయింది. అయిపోయాక కాసేపు ఎవరూ లేవలేదు. ఎందుకు లేవలేదో ఇవాళ మాట్లాడుకోవాలి.

ఆ పుస్తకం 'వస్తీ'. వస్తీ అంటే మన వాడ, మన పల్లె. 1995లో మరాఠీలో వచ్చింది. రాసింది వసంత్ మూన్. బాబాసాహెబ్ రచనల్ని మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి సంపుటాలుగా అచ్చేసింది కదా, వాటిల్లో చాలా సంపుటాలకు సంపాదకుడు ఆయనే. గెయిల్ ఆమ్వెట్ ఇంగ్లీషు చేస్తే 2001లో వచ్చింది.

నాగపూర్‌లో ఒక మహర్ వాడ కథ అది. అందులో ఆకలుంది. కూలి చేసి బిడ్డల్ని సాకిన తల్లి ఉంది. ఆ ఆకలి పక్కనే కుస్తీలున్నాయి, పాటలున్నాయి, కర్రలు పట్టి కవాతు చేసే సమతా సైనిక్ దళ్ కుర్రాళ్లున్నారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్‌తో లక్షల మంది బౌద్ధం తీసుకున్నారని ఏటా చెప్పుకుంటాం. అంతమంది ఒక్క రోజులో ఎట్లా కదిలారు? ఆ ఒక్క రోజు వెనక ఇట్లాంటి వాడలు ఏళ్ల తరబడి చేసిన పని ఉంది. ఈ పుస్తకం చదివాకే అది మనకు తెలిసొచ్చింది.

మరి మన పల్లెల సంగతి? కారంచేడు మాదిగపల్లె పేరు లోకానికి 1985 జూలై 17న తెలిసింది. చుండూరు మాలపల్లె పేరు 1991 ఆగస్టు 6న తెలిసింది. నెత్తురు కారితేనే పల్లె పేరు పేపరెక్కాలా? అంతకు ముందు రోజు దాకా అక్కడ మనుషులు బతకలేదా, పాడుకోలేదా, కొట్లాడలేదా?

మన పల్లె గురించి కాయితాలు లేకపోలేదు. రెవిన్యూ లెక్కల్లో ఉంది. పోలీసు స్టేషన్లో ఉంది. ఓటర్ల లిస్టులో ఉంది. వాటిల్లో మనం రాసిన కాయితం ఒక్కటీ లేదు.

చదువుకున్న మేము ఒక తప్పు ఒప్పుకోవాలి. మూన్ కూడా చదివి ఆఫీసరై వస్తీ దాటి వెళ్లాడు. కానీ వెనక్కి తిరిగి రాశాడు. మాలో కొందరం ఉద్యోగాలొచ్చాక టౌన్లో అద్దె ఇల్లు దొరకదని పల్లె పేరే దాచాం. మేం దాస్తే ఇంకెవరు రాస్తారు?

అందుకే రేపట్నుంచి నోటుపుస్తకం పట్టుకుని ఇంటింటికీ వస్తాం. ముందు ముసలమ్మల దగ్గరికి వస్తాం, ఆలస్యమైతే ఆ మాటలు వాళ్లతోనే పోతాయి. చచ్చిన గొడ్డును ఎత్తనని మొదట అన్నదెవరు? వెట్టికి రానన్నదెవరు? బడికి పంపడానికి చెవి కమ్మలు అమ్మిందెవరు? మాలా మాదిగా రెండు పల్లెలవీ రాద్దాం. మన మగాళ్లు తాగొచ్చి ఆడవాళ్లను కొట్టిందీ రాద్దాం. దాచిపెట్టి రాస్తే అది మన పుస్తకం కాదు.

రాసింది వచ్చే ఏప్రిల్ 14న ఇదే చెట్టు కింద చదువుతాం. "అట్లా కాదురా, ఇట్లా జరిగింది" అని మీరు లేచి చెప్పాలి. మీరు దిద్దాకే అచ్చుకు పోవాలి.

జై భీం.