మన గుడ్డలోనే ఉంది కెమిస్ట్రీ



మన సత్రపట్టి బ్యాండేజి గుడ్డ మగ్గం దిగగానే నీళ్లు సరిగా పీల్చదు. పత్తిలోని మైనం అడ్డుపడుతుంది. కాస్టిక్ సోడాతో ఉడికిస్తే అది వదులుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ గుడ్డను తెల్లబరుస్తుంది. అది విడిపోతే మిగిలేది నీరు, ఆక్సిజనే. ఇవన్నీ ప్లస్ టూ కెమిస్ట్రీలో చదివే సంగతులే కదా!

అందుకే ఒక మనవి. ఒక పరీక్షలో మార్కులు తగ్గాయని పిల్లని గ్రూపు మార్పించకండి, మగ్గం పనికని చదువు ఆపకండి. బడిలో తమిళంలో చదివిన పాఠం రాత్రి ఇంట్లో తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే అర్థమైనట్టే. నేసే చేతులు మనవే; ఆ గుడ్డను ల్యాబులో పరీక్షించే చేతులూ మనవే కావాలి.