మంచు కొండలు దాటిన మాంట్రోజ్

స్కాట్లండ్ ప్రభువంశంలో 1612లో పుట్టినవాడు జేమ్స్ గ్రాహం, మాంట్రోజ్ ప్రభువు. 1638లో, రాజు మొదటి చార్లెస్ మతశాసనాలను ధిక్కరించిన ఒడంబడికపై తానూ సంతకం చేశాడు. కానీ తర్వాత, ఒడంబడిక పక్షం రాజు అధికారాన్నే కబళిస్తోందనిపించి, రాజు వైపు నిలిచాడు.

1645 ఫిబ్రవరిలో, ఆకలితో నకనకలాడుతున్న సైన్యాన్ని మంచు కొండలు దాటించి, ఇన్వర్‌లాకీ దగ్గర శత్రువులను హఠాత్తుగా చిత్తు చేశాడు. ఎంత సాహసం! ఏడాదిలో ఆరు విజయాలు. అయితే అబర్డీన్‌లో అతని సైనికులు పౌరులను చంపి దోచుకోవడం అతని పేరుకు చెరగని మచ్చ.

ఫిలిప్‌హా దగ్గర ఓటమితో అంతా తారుమారైంది. ప్రవాసం వెళ్లిన అతను, మొదటి చార్లెస్ కొడుకు రెండో చార్లెస్ కోసం 1650లో తిరిగొచ్చి పట్టుబడ్డాడు. ఆ రాజేమో అప్పటికే శత్రువులతో రాజీకి దిగాడు. నమ్మినవాణ్ని అలా వదిలేయడం క్షమించరానిది. మే 21న ఎడిన్‌బరోలో మాంట్రోజ్‌ను ఉరితీశారు. అదే రాజు పాలనలో, 1661లో, ఘనంగా అంత్యక్రియలు జరిపించారు.