తొట్లకొండ మీద ఒక పూట

ఆదివారము వచ్చినదనగా విశాఖపట్టణము నుండి భీమునిపట్టణము వఱకు సముద్రపు టొడ్డుననున్న దారి వాహనములతో నిండిపోవును. వారమంతయు పనిచేసి అలసిన కుటుంబములు విశ్రాంతిని కోరి బయలుదేరుచున్నవి. అందు తప్పేమియు లేదు. కాని సాయంకాలమున తిరిగి వచ్చునప్పుడు ఆ ముఖములను చూచినచో, ఉదయము కంటె ఎక్కువ బడలికయే కనబడును. కైలాసగిరి, ఋషికొండ, తొట్లకొండ, ఎఱ్ఱమట్టి దిబ్బలు, భీమిలి అని ఐదు పేర్లు కాగితము మీద వ్రాసికొని, ఒక్కొక్కదానికి గంట చొప్పున పంచి, అన్నిటిని చూచితిమనిపించుకొని వచ్చుటయే ఇందులకు కారణమని మేము తలంచుచున్నాము.

మన పెద్దలకు ఈ చిక్కు లేకుండెను. కార్తీకమాసమున వనభోజనములకు పోవువారు ఊరి వెలుపలి తోటలో, ఉసిరిచెట్టు నీడను చాపలు పఱచి, పొయ్యి పెట్టి, వండుకొని తిని, ప్రొద్దు గుంకువేళకు ఇల్లు చేరెడివారు. ఆ తోటలో చూడదగినది ఏమున్నదని ఎవ్వరును అడిగియుండరు. ఒకచోటికి పోయి అచ్చట ఉండుటయే వారి పని. ఆ పద్ధతిని ఈ తీరమునకు తెచ్చుకొనుటకు తొట్లకొండను మించిన చోటు మాకు తోచుట లేదు.

నగరము నుండి భీమిలి దారిలో సుమారు 15 కిలోమీటర్లు పోయినచో, కుడిప్రక్క సముద్రము, ఎడమప్రక్క ఈ కొండ. ఎత్తు ఎంతో లేదు, 130 మీటర్లకు కొంచెము తక్కువ. వాహనము కలవారు పై వఱకు పోవచ్చును. బస్సు దిగినవారు నడవవలెను. ఎండ ముదరక ముందే ఎక్కుట మంచిది. పైన నీడ తక్కువ. మంచినీళ్లు, గొడుగు, పులిహోర, దద్దోజనము వెంట తీసికొనిపోవుడు. రేడియోను మాత్రము ఇంటనే ఉంచిపొండు. రేడియోవారమై యుండి ఈ మాట చెప్పుచున్నామే అని నవ్వుకొనవచ్చును. చేతిలోని ఫోనును గూడ సంచిలో పెట్టుడని చెప్పుటకే ముందుగా మా సరకును వదలుకొనుచున్నాము.

చాలకాలము ఈ కొండ మీద ఏమున్నదో లోకమునకు తెలియదు. 1970ల దశకములో నౌకాదళము వారు తమ అవసరములకై ఈ ప్రాంతమును పరిశీలించినప్పుడు శిథిలముల ఆనవాళ్లు బయటపడినవి. పిమ్మట 1988 మొదలు 1993 వఱకు రాష్ట్ర పురావస్తు శాఖ వారు త్రవ్వకములు జరిపిరి. మహాస్తూపము, చైత్యములు, భిక్షువులు నివసించిన విహారములు, భోజనశాల, ఱాతి పలకలు పఱచిన బాట, బ్రాహ్మీ లిపిలో శాసనములు దొరకినవి. శాతవాహనుల సీసపు నాణెములతో పాటు రోము దేశపు వెండి నాణెములును లభించినవి. రెండువేల యేండ్లకు పూర్వము ఈ తీరమున ఓడలెక్కి దిగిన వర్తకుల సొమ్ము, కొండ మీది భిక్షువుల పోషణకు దానముగా చేరినదనుటకు అంతకన్న సాక్ష్యము కావలెనా?

మా మనస్సును పట్టుకొన్నవి నాణెములు కావు, తొట్లు. కొండకు ఆ పేరు తెచ్చినవి అవియే. కొండ మీద ఏఱు లేదు. క్రింద కనుచూపు మేర సముద్రము, అందు ఒక్క గ్రుక్కెడు త్రాగుటకు పనికిరాదు. అందుచేత వారు కొండఱాతినే తొలిచి తొట్లుగా చేసి, వాన నీటిని నిలువ చేసికొనిరి. సమీపముననున్న బావికొండకును పేరు వచ్చినది వాన నీటిని పట్టిన బావుల వలననే. బుద్ధుని కాలము నుండి భిక్షువులకు ఒక నియమము కలదు. ఏడాది పొడుగునను ఊరూర తిరుగువారు వానకాలమున మూడు నెలలు ఒక్కచోటనే నిలువవలెను. దీనినే వర్షావాసమందురు. ఏ వాన వారిని కదలకుండ కూర్చుండబెట్టెనో, ఆ వానయే తొట్లను నింపి ఏడాదికి దాహము తీర్చినది! ఇచ్చటి విహారములలో డెబ్బదికి పైగా గదుల పునాదులు బయటపడినవి. ఒక్కొక్క గది ఒకరిద్దరు మనుష్యులకు సరిపోవునంతటిది. ఆ గోడ మొదళ్ల దగ్గఱ నిలుచుండి సముద్రము వైపు చూచువానికి, ఇచ్చట ఉండుటకు వారికి ఎంత తక్కువ అవసరమయ్యెనో అర్థమగును.

గంటలో ఈ కొండను చుట్టిరావచ్చును. చుట్టివచ్చిన తరువాత పోవలదు. పిల్లలు విసుగుకొందురు, నిజమే. ఒక అరగంట విసుగుకొని, ఆ పిమ్మట తమ ఆట తామే కల్పించుకొందురు. ఆ అరగంటను ఓర్చుకొనలేకయే చాలమంది తల్లిదండ్రులు వెంటనే బండి ఎక్కుచున్నారు. ఆట మాత్రము స్తూపము మీద కాకుండ చూచుకొనవలెను. 2019 అక్టోబరులో కురిసిన పెద్ద వానలకు, పురావస్తు శాఖ వారు తిరిగి కట్టి నిలిపిన మహాస్తూపము కూలిపోయినది. దానిని మరల నిలబెట్టు పనులు చేపట్టవలసి వచ్చెను. ఇటుక మీద ఇటుక పేర్చిన కట్టడము. ఎక్కి ఫోటో తీయించుకొను ప్రతివాడును కొంత సడలించి దిగుచున్నాడు. కావలివాడు ఒక్కడు ఎంతమందిని వారించగలడు?

ఇదే మాట ఎఱ్ఱమట్టి దిబ్బలకు మఱింత గట్టిగా వర్తించును. భీమిలికి ఇవతల, తీరము వెంబడి సుమారు 5 కిలోమీటర్ల మేర పఱచుకొన్న ఈ ఇసుకకు ఆ రంగు ఇనుము వలన వచ్చినది. సముద్రము వెనుకకు తగ్గుట, ముందుకు వచ్చుట, గాలి ఇసుకను మోసి పోయుట, ఇట్లు వేలయేండ్లు జరిగిన పనికి ఇది మిగులు. వాన నీరు దానిని కోసి లోతైన గండ్లు చేసినది. దక్షిణాసియాలో ఇటువంటివి తమిళనాడులోను సింహళములోను మాత్రమే కలవందురు. 2025లో దీనిని యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేర్చిరి. అయినను జాబితా ఇసుకను పట్టి నిలుపదు. ఆ గట్లు ఎంత మెత్తనివనగా, అంచు మీద అడుగు వేసినచో పాదముతో పాటు గట్టును జారును. మీరు పోదలచినచో, నడచి నడచి గట్టిపడిన బాటనే నడువుడు. సీసాలో ఎఱ్ఱ ఇసుక నింపి తేవలదు. ఆ దినమున పోకుండుట ఇంకను మేలని మా సలహా. దిబ్బలకు వేఱొక ఆదివారము కలదు.

స్నానము గూర్చి ఒక్క మాట. ఈ తీరమున ఇసుక ఒక్కసారిగా లోతునకు దిగును, వెనుకకు పోవు అల కాళ్లను లాగును. ఈత వచ్చినవారు సైతము ప్రాణములు పోగొట్టుకొనుచున్నారు. పిల్లలను మోకాటి లోతు దాటనీయకుడు. కావలి లేనిచోట అసలే దిగవలదు.

ఎండ చల్లబడిన తరువాత, ఇంకను ఓపిక యున్నచో భీమిలి వఱకు పోవచ్చును. 1861లోనే పురపాలక సంఘమును ఏర్పఱచుకొన్న పాతపట్టణమది. 17వ శతాబ్దమున వర్తకమునకై వచ్చిన డచ్చివారు తమ వారిని పూడ్చిన సమాధులు, కొసదేలిన గోపురముల వలె, ఇంకను నిలిచియున్నవి. వాటిని చూచి, గోస్తని సముద్రమున కలియు చోటికి నడువుడు. అనంతగిరి కొండలలో పుట్టి, బొఱ్ఱా గుహలను తొలిచిన ఏఱు ఇదియే. ఇచ్చట ఏ తొందరయు లేనట్లు ఇసుకతిన్నెల నడుమ మెల్లగా పోవుచుండును. ఆ సమయమున జాలరులు పడవలను ఒడ్డునకు లాగి, వలలు దులుపుచుందురు. వారి పనికి అడ్డము రాకుండ ఒక ప్రక్కగా కూర్చుండుడు.